చింతచెట్టు ఎవరి పక్షమున సాక్షి?

కష్టకాలమున దైవము పూర్వము చేసిన మేలులను తలచుకొనవలెనన్న మాట మన దేశమున ఏ మతమువారికిని క్రొత్తది కాదు. ఐనను ఆ మాటను చెప్పుట యెంత సులభమో, కష్టములో మునిగియున్నవాడు దానిని వినుట యంత దుస్సహమన్న సంగతిని మాత్రము మనము తరచుగా విచారింపము. కార్తికమాసమున క్రైస్తవుల ధారూరు జాతర దినములు సమీపించుచుండగా, తాండూరు నల్లరేగళ్లలో కంది పూత మంచునకు రాలిపోవుచున్నదని రైతులు దిగులు పడుచుండగా, వికారాబాదు చెంత అనంతగిరి మీద, పద్మనాభస్వామి ఆలయమునకు దిగువ, మూసీనది పుట్టుచోటును చూడవచ్చువారు అలసట తీర్చుకొను చెట్లనీడలో ఇద్దరు వృద్ధుల నడుమ ఈ విషయమును గూర్చియే జరిగిన సంవాదమొకటి వినుట నాకు తటస్థించినది.

ఒకరు మెథడిస్టు సంఘములో చిరకాలము పల్లెపల్లెకు తిరిగి పనిచేసి విశ్రమించిన బోధకులు; వారిని మతభేదము లేక అందరును అయ్యగారనియే పిలుతురు. రెండవవారు తాండూరు ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో చరిత్ర బోధించి, ఉద్యోగము చాలించిన పిమ్మట పిత్రార్జితమైన రేగడి చేనులో కంది పండించుకొనుచున్న పంతులుగారు. దైవమున్నాడని గాని లేడని గాని ఆయన శపథము చేయరు. ఋజువులేని మాటను మాత్రము సహింపరు. ఇరువురికిని బహుకాల స్నేహము. కనుకనే ఒకరినొకరు నొప్పింతుమేమో యను భయము లేక మాటలాడుకొనగలిగిరి.

పంతులుగారు: అయ్యగారూ, నిన్న రాత్రి ఆ కౌలురైతు ఇంట జరిగిన ప్రార్థనకూడికకు మీరు పిలిచినందున నేనును వచ్చితిని. అతని చేనిని నేను చూచితిని. ఎండుతెగులు తగిలి సాళ్లకు సాళ్లు నిలువునా ఎండినవి. కొమ్మను విరిచి కాండమును చీల్చి చూచినచో లోపల నల్లని చారలు. మిగిలిన చెట్లకు పూత నిండుగా వచ్చెను గాని, వేకువజామున దిగు మంచునకు అదియు రాలి, తెల్లవారి చేనికి పోయినవానికి చెట్లమీద కంటె నేలమీదనే పసుపు ఎక్కువగా కనబడుచున్నది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనమందరము సంతోషించితిమి. ఆ గుర్తింపు మంచును ఆపలేదు, తెగులును ఆపలేదు. అట్టివానిని ఎదుట కూర్చుండబెట్టుకొని మీ యువబోధకుడు, గడచిన ఏండ్లలో దేవుడు చేసిన మేలులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకొనుము, ధైర్యము కలుగునని చెప్పెను. అతడు తల యూపెను. తల యూపుట తప్ప పాపము అతడేమి చేయగలడు? కౌలు కట్టవలెను, మందులకు తెచ్చిన అప్పు తీర్చవలెను. గడచిన మేలులు షావుకారు ఖాతాలో జమపడవు గదా?

అయ్యగారు: జమపడవు. జమపడునని ఆ కుర్రవాడును అనుకొనలేదు. ఐనను పంతులుగారూ, మునుపు ఒకమారు గట్టెక్కితినన్న తలంపు మనుష్యునకు ఏ పాటి బలము నీయదందురా? ఆ రైతు తండ్రి కాలమున వరుసగా వానలు తప్పిన సంవత్సరములు వచ్చినవి. ఆ యిల్లు నిలిచినది. దానిని జ్ఞాపకము చేయుటలో దోషమేమి?

పంతులుగారు: దోషము లెక్కలో నున్నది. నిలిచిన యిల్లు మాత్రమే జ్ఞాపకము చేయగలదు. కూలిన యింటికి నోరు లేదు. రోమను పండితుడైన సిసెరో ఒక కథ వ్రాసెను. గ్రీసు దేశమున డయాగొరసు అనునతడు దేవతలయందు విశ్వాసము లేనివాడని ప్రసిద్ధి. అతడు సమోత్రేసు ద్వీపమునకు పోయినప్పుడు ఒక స్నేహితుడు, సముద్రములో తుఫానునకు చిక్కి మ్రొక్కుకొని బ్రతికివచ్చినవారు వ్రేలాడదీసిన చిత్రఫలకములను చూపి, దేవతలు మనుష్యులను పట్టించుకొందురనుటకు ఇంకేమి నిదర్శనము కావలెనని యడిగెనట. మ్రొక్కుకొనియు మునిగిపోయినవారి చిత్రములు ఎచ్చటనున్నవని డయాగొరసు తిరిగి యడిగెను. రెండువేల యేండ్లు గడచినను ఆ ప్రశ్నకు ఎవరును సమాధానము చెప్పినట్లు నేను చదువలేదు.

గ్రీసు దేశము దాక పోనేల? మన కాళ్లక్రింద పుట్టిన ఈ నీటిసంగతి చూడుడు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఈ మూసీయే హైదరాబాదు మీదికి పొంగి, అఫ్జల్‌గంజు మొదలు చాదర్‌ఘాటు వరకు గట్టుల వెంబడి యున్న పేటలను తుడిచిపెట్టెను. పదునైదువేలమంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజు తోటలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. ఆ నూటయేబదిమంది సంతతివారు దేవుడు మా పూర్వులను కాపాడెనని చెప్పుకొనవచ్చును, చెప్పుకొననిండు. కాని తక్కిన వేలమంది సంతతివారు, సంతతియే మిగిలియుండినచో, ఏమని చెప్పుకొనవలెను? ఆ చింతచెట్టు ఎవరి పక్షమున సాక్షి?

(ఇచ్చట అయ్యగారు కొంతసేపు పలుకలేదు. ఆ మౌనము ఓటమి కాదు; ప్రశ్న బరువైనదని ఒప్పుకొనుట.)

అయ్యగారు: మీ ప్రశ్నకు నాయొద్ద లెక్క సరిపోవు జవాబు లేదు. అయితే ఒక మాట చెప్పెదను. దైవము మంచివాడని ఋజువు చేయుటకై పాతమేలులను తలచుకొందుమని మీరనుకొనుచున్నారు. ఋజువు కొరకైన యెడల, మీరన్నట్లు, మునిగినవారినిగూడ న్యాయస్థానమునకు పిలువవలసినదే. కాని మా కీర్తనల గ్రంథమును తెరచి చూడుడు. పూర్వోపకారములను స్మరించుచున్నవాడు అందులో ఒడ్డున కూర్చుండియున్నవాడు కాడు. ఎక్కువ తావులలో వాడు మునుగుచున్నవాడే.

డెబ్బదియేడవ కీర్తన కీర్తనకారుడైన ఆసాపుది. ఆయనకు రాత్రి నిద్ర లేదు, చాచిన చేయి దించలేదు, ఓదార్పునకు మనస్సు ఒప్పుకొనలేదు. ఆయన దేవుని జ్ఞాపకము చేసికొనెను. చేసికొనగానే నిట్టూర్పు ఎక్కువయ్యెను. మీరు గమనింపవలసినది ఇచ్చటనే: మొదటి జ్ఞాపకము ఊరట కలిగింపలేదు, గాయమును కెలికినది. దేవుడు కనికరించుట మరచెనా, ఆయన కృప ముగిసినదా యని ఆయన బాహాటముగా అడిగెను. ఆ పిమ్మటనే ఎర్రసముద్రపు మాట ఎత్తుకొని, ఆ జలములలో దేవుడు నడచిన త్రోవయున్నది గాని అడుగుజాడలు కనబడవని చెప్పి, మోషే అహరోనుల పేర్లతో కీర్తనను హఠాత్తుగా ముగించెను. తన కష్టము తీరెనని ఎచ్చటను చెప్పలేదు. తీరినదో లేదో మనకు తెలియదు.

నలుబదినాలుగవ కీర్తన ఇంకను కఠినమైనది. మా పితరులు నీవు చేసిన కార్యములను మాకు చెప్పిరి, మేము వింటిమి, మరి ఇప్పుడు మమ్ము గొఱ్ఱెలవలె అప్పగించితివేమి, లెమ్ము, ఏల నిద్రించుచున్నావని ఆ కీర్తన అడుగుచున్నది. ఆ నోట స్మరణము స్తుతి కాలేదు, వ్యాజ్యమైనది.

పంతులుగారు: ఇది మన రామదాసు మార్గమే గదా! పాల్వంచ తహసీలుదారుగా నుండి భద్రాద్రిరాముని గుడి కట్టించి, సర్కారు సొమ్ము ఖర్చు చేసినాడని గోలకొండ చెరసాలలో పడిన కంచెర్ల గోపన్న, గజేంద్రుని కాచితివి, ప్రహ్లాదుని కాచితివి, ద్రౌపదిని కాచితివి, నన్నేల కావవని నిలువదీసెను. అంతటితో ఆగక సీతమ్మకును లక్ష్మణునకును తాను చేయించిన నగల వెలలు సైతము ఏకరువు పెట్టెను. ఆ తిట్టులో నున్న చనువు నాకిష్టము. ఐనను నా ప్రశ్న తీరలేదు. గోలకొండ పాలకుడు తానీషా గోపన్నను విడిచిపెట్టెను గనుక ఆయన కీర్తనలు మన చేతికి వచ్చినవి. ఆ చెరలోనే ప్రాణములు విడిచిన ఇతర ఖైదీలు ఏమి పాడిరో ఎవరికి తెలియును?

అయ్యగారు: అట్లయిన విడుదల లేనివాని మాటయే చెప్పెదను. మీరు చెప్పిన వరదలోనివాడే. ఉర్దూ రుబాయీలకు ప్రసిద్ధుడైన అంజద్ హైదరాబాదీని మీరు చదివియుందురు.

పంతులుగారు: చదివితిని. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు కొట్టుకొనిపోయిరి. ఆయన యొక్కడే మిగిలెను.

అయ్యగారు: మిగిలినవాడు రక్షింపబడినవాడని మీ లెక్క చెప్పుచున్నది, ఆ మనుష్యుని స్థానమున నిలిచి చూచినచో మునిగిపోవుటయే మేలనిపించియుండును. అప్పటికింకను యువకుడు. కన్నతల్లిని, కట్టుకొన్నదానిని, కన్నకూతురిని నీళ్లు తన కన్నులయెదుటనే తీసికొనిపోయినవి. ఆయన ఆ ప్రళయమును దాచలేదు. దానిమీద పద్యమే వ్రాసెను. ఆ పిమ్మట అర్ధశతాబ్దికి పైగా జీవించి, 1961లో కన్నుమూయువరకు, దేవుని ఏకత్వమును, ఆయన కరుణను గూర్చి చెప్పిన రుబాయీలకే దక్కనులో పేరుపొందెను. ఆయన నా మతస్థుడు కాడు. ఆయన దేనిని స్మరించి ఆ మాటలు పలికెనో నేను చెప్పజాలను. కాని మునిగినవారి చిత్రములు ఎచ్చటనని అడిగిన డయాగొరసునకు, తన యింటి ముగ్గురి చిత్రములను గుండెలో మోయుచునే దేవుని కరుణామయుడన్న వాడొకడు ఈ మూసీ ఒడ్డున నుండెనని మాత్రము నేను చెప్పగలను.

పంతులుగారు: అది మహనీయము. నేను కాదనను. కాని మహాకవి మనస్సు కౌలురైతునకు కొలత కాదు. అంజదుగారికి ఉన్నది మనకు లేదని ఎవడైన కృంగిపోవుటకే ఆ యుదాహరణము పనికివచ్చునేమో! మీరు నాకు కవులను కాక, పనిని చూపుడు.

అయ్యగారు: చూపెదను. మా సంఘమునకు మూలపురుషుడు జాన్ వెస్లీ. 1709వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఇంగ్లండులోని ఎప్‌వర్తు గ్రామమున వారి యింటికి నిప్పంటుకొనెను. గడ్డికప్పు. తల్లియు తక్కిన పిల్లలును ఎట్లో బయటపడిరి. ఆరేండ్లు నిండని జాను మేడమీది గదిలో చిక్కుపడెను. తండ్రి మెట్లెక్కబోయెను, మెట్లు అప్పటికే కాలుచున్నవి. ఇక బిడ్డ దక్కడని తలచి ఆయన పొగలో మోకరించి వాని ఆత్మను దేవునకప్పగించెను. పిల్లవాడు కిటికీ దగ్గర నున్న పెట్టెమీది కెక్కి బయటివారికి కనబడెను. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. గోడ కానుకొని ఒకడు నిలిచెను, వాని భుజములమీద మరియొకడెక్కి బిడ్డను లాగెను; లాగిన మరుక్షణమే కప్పు కూలెను.

పంతులుగారు: ఒక్క నిమిషము ముందు కూలియుండినచో?

అయ్యగారు: కూలియుండినచో వెస్లీ లేడు, బహుశః మెథడిస్టు సంఘమును లేదు, మన ధారూరు వాగు ప్రక్క నవంబరు నెలలో కర్ణాటకమునుండియు మహారాష్ట్రమునుండియు జనము వచ్చి గుడారములు వేసికొను జాతరయును లేదు. ఆ సంగతి వెస్లీకి మనకంటె ఎక్కువగా తెలియును. అందుచేతనే తాను అగ్నిలోనుండి తీయబడిన కొఱవినని ఆయన యావజ్జీవము చెప్పుకొనెను. 1753లో జబ్బుపడి చావు తప్పదనుకొన్నప్పుడు తన సమాధి ఫలకమునకు తానే వ్రాసికొన్న మాటలలోను దానినే చెప్పెను. కాని నేను మీకు చూపదలచినది అది కాదు. తండ్రి మోకరించినది బిడ్డ దక్కకమునుపు. అది మొదటి సంగతి. రెండవది, ఆ దయకు రెండు జతల భుజములుండెను. ఎవరో ఇరుగుపొరుగువారు. వెస్లీ ఆ రాత్రిని మరువలేదు గనుకనే చెరసాలలలో మరణశిక్ష పడినవారియొద్దకు పోయెను. చనిపోవుటకు కొలదిదినముల ముందు, 1791 ఫిబ్రవరి 24న వ్రాసిన తన కడపటి ఉత్తరమున బానిసల వ్యాపారమును నిర్మూలింపుమని ఆ వ్యాపారముపై పోరాడుచున్న విల్బర్‌ఫోర్సును ప్రోత్సహించెను. ఆయన జ్ఞాపకము ఆయనను ఇంట కూర్చుండనీయలేదు.

పంతులుగారు: వరద పిమ్మట హైదరాబాదునకు ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు వచ్చి, మరల ఇట్టి ప్రళయము రాకుండ ఎగువన జలాశయములు కట్టవలెనని చెప్పిరి. మూసీమీద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఈ కొండనీళ్లు నేడు ముందుగా ఆ ఉస్మాన్‌సాగరున, అనగా గండిపేట చెరువున, నిలిచియే నగరమునకు పోవును. దీనినిగూడ మీరు దైవము ఖాతాలో వ్రాయుదురా? ఇది గణితము, రాయి, సున్నము, కూలివాని చెమట. మంచి జరిగినచో దేవుడు, చెడు జరిగినచో ఎవరును కారు. ఇట్టి తీర్పు ఏ న్యాయస్థానమున చెల్లును?

అయ్యగారు: ఎచ్చటను చెల్లదు. ఆ తీర్పు నేనును ఒప్పుకొనను. మా విలాపవాక్యములు వ్రాసినవాడు ఒప్పుకొనలేదు, యోబు ఒప్పుకొనలేదు. యెరూషలేము కాలినదానికి దేవుడే జవాబుదారియని విలాపకారుడు ముఖముమీదనే చెప్పి, ఆ గ్రంథము నడుమనే ఆయన కృప ప్రతి యుదయమున క్రొత్తదనియు చెప్పెను. ఒకటి చెప్పుటకై రెండవదానిని కొట్టివేయలేదు. ఇక ఆనకట్ట మాటయందురా, అది విశ్వేశ్వరయ్యగారి బుద్ధి, కూలివారి చెమట, నిస్సందేహముగా. మునిగినవారిని మరువని బుద్ధి. ఆ పదునైదువేలమందిని నగరము మరచియుండిన యెడల ఆ కట్ట లేచియుండునా?

(నేనిచ్చట ఒక మాట చేర్చవలసియున్నది. ప్రతి సంవత్సరము సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు ఆ చింతచెట్టు క్రింద చేరి వరదలో పోయినవారిని స్మరింతురు. బ్రతికించిన చెట్టు క్రిందనే చనిపోయినవారికి నివాళి యిచ్చుట నాకు మిక్కిలి సబబుగా తోచును. పంతులుగారు వేసిన ప్రశ్నకు ఆ జనులు వాదము లేకయే ఒక విధమైన సమాధానము చెప్పుచున్నారని నా నమ్మకము.)

పంతులుగారు: అయ్యగారూ, ఇంతవరకు పుస్తకములు మాటలాడినవి. ఇక నా మాట వినుడు. 2021 వేసవిలో, రెండవమారు వచ్చిన కరోనాలో, నా యిల్లాలు పోయినది మీకు తెలియును. ఊపిరి అందక, ప్రాణవాయువు కొరకు మేమెన్ని గుమ్మములు తొక్కితిమో చెప్పను. ఆ పదునొకండు దినములలో పలుకరింపవచ్చిన పెద్దమనుష్యుడొకరు, ఇన్నేండ్లు చల్లగా కాపురము చేసితిరి, ఆ భాగ్యమును తలచుకొని మనసు నిలుపుకొనుడనిరి. ఆ మాటకు ఆయనను ఇంటినుండి వెడలగొట్టవలెననిపించినది. ఆమె గోంగూర తరుగునప్పుడు కూనిరాగము తీయుట, బడినుండి నేను వచ్చు వేళకు అరుగుమీది చెప్పులను సరిచేసి పెట్టుట, ఇవియే గదా ఆయన తలచుకొమ్మన్న మేలులు? అవి ఒక్కొక్కటియే నన్ను కోసినవి. ఆ దినములలో నాకు కావలసినది జ్ఞాపకము కాదు, మరపు.

ఈ కొండమీది ముచుకుందుని కథయే నాకు అప్పుడు తోచినది. మాంధాత కొడుకు, దేవతల పక్షమున యుగములు పోరాడెను. పని తీరినపిదప దేవతలు, నీవారెవరును ఇప్పుడు భూమిమీద లేరు, కాలము తీసికొనిపోయినది, మోక్షము తప్ప ఏ వరమైన కోరుకొమ్మనిరి. ఆయన నిద్రను కోరెను. రాజ్యము కాదు, ఆయుస్సు కాదు, నిద్ర! ఆ కోరికను నేను అర్థము చేసికొనినట్లు మరియెవరును అర్థము చేసికొనియుండరు.

అయ్యగారు: (చాల సేపటికి) నేను ఆ దినములలో మీ యింటికి వచ్చితిని.

పంతులుగారు: వచ్చితిరి. అరుగుమీద కూర్చుంటిరి. ఏమియు మాటలాడలేదు.

అయ్యగారు: యోబు స్నేహితులు ముగ్గురు వచ్చి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద ఆయనతో కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులు. ఆ పిమ్మట నోరు తెరచిరి. ఆ గ్రంథము తుదిని దేవునికి కోపము రప్పించినది ఆ నోటిమాటలే గాని యోబు చేసిన నిష్ఠురములు కావు. అందుచేత మీరు నిన్నటి రాత్రిని గూర్చి చేసిన ఫిర్యాదును నేను సగము ఒప్పుకొందును. స్మరింపుమని ఆ రైతుతో చెప్పుటకు మా కుర్రవానికి నిన్న అధికారము లేదు.

పంతులుగారు: మరి అధికారమెవరికున్నది?

అయ్యగారు: ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయము చూడుడు. అరణ్యములో నడిపించినవానిని మరువకుమన్న ఆజ్ఞ అచ్చట ఎవరికి ఈయబడినదో తెలియునా? ఆకలిగొన్నవానికి కాదు. తిని తృప్తిపొందినవానికి, మంచి యిండ్లు కట్టుకొన్నవానికి, పశువులును వెండిబంగారములును వృద్ధియైనవానికి. కడుపు నిండినవాడు మరచును గనుక వానికే ఆ హెచ్చరిక. మరి ఇరువదినాలుగవ అధ్యాయములో, నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేసికొనుము అను మాట వెంటనే ఏమున్నదో చూడుడు: పొలములో పన మరచిపోయినచో తిరిగి పోయి తెచ్చుకొనవద్దు, ఒలీవచెట్టును రెండవమారు దులుపవద్దు, ద్రాక్షతోటలో పరిగె ఏరవద్దు, అది పరదేశికిని తండ్రిలేనివానికిని విధవరాలికిని ఉండవలెను. అచ్చట స్మరణమనగా పొరుగువాని చేతికి గింజ ముట్టుట. కష్టములో నున్నవానికి ఉన్నది విధి కాదు, హక్కు: ఆసాపువలె, రామదాసువలె, పాతమేలులను ఎత్తిచూపి దేవుని నిలువదీయు హక్కు. ఆ హక్కును వాడుకొనుట, మానుట వాని యిష్టము. మనము వాని పక్షమున జ్ఞాపకముంచుకొనవలెను. వాడు నిద్ర కోరినచో నిద్రపోనీయవలెను. ముచుకుందుడు నిద్రపోయిన గుహకే గదా కృష్ణుడు వచ్చినది?

పంతులుగారు: వచ్చినది కాలయవనుని చంపించుటకు.

అయ్యగారు: అయినను ముచుకుందునకు కనబడెను. వరమిచ్చెదనన్నను ఆయన మరల నిద్ర కోరలేదు.

పంతులుగారు: (కొంత తడవు యోచించి) ఆ సంగతి నిజమే, పాదసేవ కోరెను. సరే. విధియు హక్కును వేరుచేసి చెప్పితిరి. ఆ విభాగము నాకు సమ్మతము. కాని డయాగొరసు ఇంకను నిలిచియే యున్నాడు. మీ జాతరలో సాక్ష్యములు చెప్పుదురు. రోగము కుదిరినవాడు వేదిక యెక్కును. కుదురనివాని మాట వినిపించు వేదిక యేది?

ఈ ప్రశ్న విని అయ్యగారు భుజమునకు తగిలించుకొన్న గుడ్డసంచిలోనుండి అట్ట వాడిపోయిన నోటుపుస్తకమొకటి తీసి పంతులుగారి చేతిలో నుంచిరి. అనంతగిరి క్షయరోగ చికిత్సాలయములోని రోగులకొరకు ప్రార్థించుటకు పోవుచుండిన నాటినుండి ఆయన వ్రాసికొనుచున్న పుస్తకమది. ప్రతి పంక్తిలో ఒక పేరు, ఒక ఊరు, వచ్చిన కష్టము, ప్రార్థించిన తేదీ, తుదకు ఏమైనదన్న సంగతి. కుదిరి ఇంటికి పోయినవారును, కొండమీదనే కన్నుమూసినవారును ఒకే వరుసలో నున్నారు. మేలు పొందినవారికి ప్రత్యేకమైన పుట లేదు. నల్లసిరాలో కొన్ని, నీలిసిరాలో కొన్ని, ఈ మధ్యవి బాల్‌పెన్నుతో. ఇంతకంటె నిజాయితీగల భక్తిగ్రంథమును నేను చూడలేదని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

పంతులుగారు పుటలు తిరుగవేసి, 2021వ సంవత్సరపు పుటమీద ఆగిరి.

పంతులుగారు: ఈమె మీ సంఘస్థురాలు కాదే?

అయ్యగారు: కాదు. ప్రార్థించితిని, బ్రతుకలేదు. రెండును వ్రాసితిని. మీ డయాగొరసు వచ్చి అడిగినచో ఈ పుస్తకము చూపెదను. మా కీర్తనల గ్రంథమునుగూడ చూపెదను. స్తుతితో నిండిన నూటమూడవ కీర్తనయు, ఆదినుండి తుదివరకు మొరయై చీకటి యను మాటతోనే ముగియు ఎనుబదియెనిమిదవ కీర్తనయు అందులో ఒకే అట్టల నడుమ నున్నవి. చీకటిలో ముగిసిన కీర్తనను మా పెద్దలు కత్తిరించి పారవేయలేదు. కృతజ్ఞతయందు నాకు పూర్ణమైన నమ్మకమున్నది, పంతులుగారూ. కాని మునిగినవారి పేర్లు విడిచిపెట్టిన కృతజ్ఞతను దేవుడు అంగీకరించునని నేననుకొనను.

పంతులుగారు: ఋజువు దొరకలేదు.

అయ్యగారు: దొరకలేదు.

పంతులుగారు: ఐనను ఈసారి ధారూరునకు నేనును వచ్చెదను. సాక్ష్యముల వేళ ఈ పుస్తకములోనుండి కుదురనివారి పేర్లును చదువుదురా?

అయ్యగారు: సంఘపెద్దలను అడిగెదను. వేదికమీద వారు ఒప్పుకొననిచో మా గుడారములో చదివెదను.

ఈ సంవాదమున జయమెవరిదని యెవరైన నన్నడిగినచో, నేను అయ్యగారి పక్షమువాడననియే చెప్పుదును. పూర్వపు దయను మరచినవాడు ఇతరులకు దయ చూపుట నేనరుదుగా చూచితిని. కాని పంతులుగారివంటి ప్రతివాది ఎదుట నిలిచి పట్టుకొననిచో, అయ్యగారి పక్షము ద్వితీయోపదేశకాండము దాక వచ్చియుండదు, నిన్నటి కూడికలోని మాటతోనే తృప్తిపడియుండును.

కొండ దిగునప్పుడు వారు మాటలాడుకొన్నది దేవుని గూర్చి కాదు. కోతకాలపు కృతజ్ఞతార్పణగా సంఘమునకు వచ్చు కందులలో, తెగులు లేని చేలనుండి వచ్చినవానిని వేరుగా తీసి ఆరబెట్టించి, మృగశిర కార్తెకు ఆ కౌలురైతునకు విత్తనముగా ఇచ్చుటకును, తెగులు తగిలిన చేనిలో ఒక పంటకాలము జొన్న వేయించుటకును నిశ్చయించుకొనిరి. తక్కువ పడినంత విత్తనము పంతులుగారు తన గరిసెనుండి ఇచ్చెదననిరి. ఆ సంవత్సరపు కౌలు మాట పొలము ఆసామితో మాటలాడు భారము అయ్యగారిమీద పడినది. ఆయన మరునాటి ఉదయముననే తాండూరు బండి ఎక్కిరి.